చప్పుడు చెయ్యని ఆకులు

నా మాటల్లో నిజం పప్పులో ఉప్పంతేనని మా పజుండౌంగ్ పేటలో అందరికీ తెలుసు. ఆ రాత్రి కరెంటు పోయింది. జపానులోని నారాలో ముసలివాళ్లకు సేవచేసే నా మనవరాలు మాలతి ఫోనులో కనిపించి, గుడిదారిలో దీపాల కింద ఎర్రబడ్డ చెట్లు చూపిస్తోంది.

“సూడు తాతా, ఇయి నీ కోతలు కావు, నిజం ఎర్రాకులు!”

మాలతి నడుస్తుంటే ఎండుటాకులు గలగలమన్నాయి. వెనక ఇంకొకామె వస్తోంది. ఆమె అడుగుల కింద ఆకులకు చప్పుడే లేదు.

“నీ యెనక ఎవరో ఉన్నారమ్మా, పరిగెట్టు!”

“మళ్లీ మొదలెట్టావా?” అంటూ పగలబడి నవ్వింది.

నేనిక్కడ, అదక్కడ. ఏం చెయ్యను? చీకటిపడ్డాక బయటున్నవాళ్లను పేరుపెట్టి పిలవకూడదని మా అమ్మ చెప్పింది. భయంలో అదీ మరిచాను.

“మాలతీ!”

మాలతి ఇంకా నవ్వుతూనే ఉంది.

“ఓయ్” అని పలికింది వెనకామె.