కుళాయి అడిగిన చివరి ప్రశ్న

కుళాయిలకు మాటలొచ్చిన కాలమది. గద్దెనెక్కిన పార్టీ రోజూ అడిగే ప్రశ్నకు ఇంటింటా అవుననో కాదనో మీట నొక్కితేనే వీధికి నీళ్లు. చదివే తీరిక ఎవరికుంది? అవును మీట అరిగి అద్దమైపోయింది. కాదు మీటలో సాలీడు సంసారం పెట్టింది.

ఆ పొద్దున పైడయ్య మేష్టారు కళ్లజోడు సర్దుకుని కుళాయి మీద వెలిగిన ప్రశ్న చదివారు: "రేపటినుంచి ప్రశ్నలడగడం మానేద్దామా? నాలుగేళ్లపాటే."

"జర్మనీలోనూ నాలుగేళ్లపాటే అన్నారే నూకాలూ! చట్టసభలో ఓటేసి తమ అధికారాన్ని తామే ఒక నియంత చేతిలో పెట్టారు. తిరిగి అడిగే దిక్కు లేకపోయింది," అన్నారు కోడలితో.

"ఆ జర్మనీ మనకి నీళ్లిత్తాదా మావయ్యా? ఎసరు పెట్టలేదు. మీరొక్కరే నొక్కలేదని వీధంతా మిమ్మల్నే తిడతన్నారు."

మేష్టారు కాదని నొక్కారు. "మరోసారి ఆలోచించండి," అంది కుళాయి వినయంగా. మూడుసార్లు నొక్కినా అదే మాట. ఎదురింటి బాలింత ఖాళీ బిందెతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన తలొంచుకుని అవునని నొక్కారు. వీధి చప్పట్లు కొట్టింది.

మర్నాడు నీళ్లు అడక్కుండానే వచ్చాయి. "ఎంత సుకమో సూడండి!" అంది నూకాలు.

వారం తిరిగేసరికి ఆగిపోయాయి. మేష్టారి వేలు మీటకోసం కుళాయంతా తడిమింది. నున్నటి ఇనుము తప్ప ఏమీ తగల్లేదు.