పంపినవారి పేరు

"ఈ నెల నుంచి నాకు దుడ్లు పంపొద్దు మేట్రనమ్మా," అంది లూదియా, నంద్యాల బాలికల ఆశ్రమంలో జీవరత్నమ్మ ఎదుట నిలబడి.

పద్దెనిమిదేళ్లు నిండి ఆశ్రమం విడిచిన పిల్లలకు ఏడాదిపాటు నెలనెలా మనియార్డరు పంపడం అక్కడి పద్ధతి. లూదియా ఆళ్లగడ్డలో కుట్టుపని నేర్చుకుంటూ నాలుగు నెలలుగా అందుకుంటోంది.

జీవరత్నమ్మ నవ్వింది. "అబ్బో! అప్పుడే షావుకారువైనావా? అద్దె ఎట్ల కడతావ్? ఇంటామెకు జాకెట్లు కుట్టిచ్చి తీరుస్తావా?"

"ఎట్లనో కడతా."

"నువ్వు కుట్టింది తొడిగితే ఆయమ్మ ఆ పొద్దే ఇల్లు ఖాళీ చేయిస్తాది. నిజం చెప్పు, ఏందీ సంగతి?"

లూదియా తల దించుకుంది. "పోస్టుమ్యాన్ 'అనాథాశ్రమం నుంచి దుడ్లొచ్చినాయ్' అని వీధంతా ఇనేటట్టు అరుస్తాండాడు. అందరూ నన్ను అయ్యో పాపం అని చూస్తాండారు."

జీవరత్నమ్మ సొరుగులోంచి మనియార్డరు ఫారం తీసి, పంపినవారి పేరు దగ్గర రాసి లూదియా ముందుకు జరిపింది. అందులో ఆశ్రమం పేరు లేదు. 'అమ్మ, జీవరత్నమ్మ, నంద్యాల' అని ఉంది.

లూదియా ఆ అక్షరాల మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది.

"రాత వంకరగా ఉంది," అంది కళ్లు తుడుచుకుంటూ.

"నీ కుట్టు కంటే నయమే పో."

మరుసటి నెల ఆళ్లగడ్డలో పోస్టుమ్యాన్ వాకిట్లో నిలబడి, "లూదియా! మీయమ్మ దుడ్లు పంపింది," అని కేక వేశాడు.

లూదియా తలుపు వెనకే ఉంది. అయినా వినబడనట్టు రెండో కేక కోసం ఆగింది.