కిటికీ కింది కరివేపాకు

"గీ ఎండలకు చెట్లన్నీ మాడిపాయె. కిటికీ కింద కరివేపాకు ఒక్కటే ఎట్ల పచ్చగున్నది మామా?"

నీళ్ల బిందె దించి, నడుం పట్టుకుని అడిగింది సత్తెమ్మ.

కిటికీ పక్కనే మంచంలో ఉన్న పెంటయ్య చూపు దించుకున్నాడు. అతని చేతిలో గ్లాసు ఖాళీగా ఉంది. కిటికీ ఊచలు తడిగా ఉన్నాయి.

"బాయి కాడికెల్లి మోసుకొస్తే చెట్టుకు పోస్తున్నవా? పట్నం డాక్టర్ సాబ్ ఏమన్నడు? మైలోమా క్యాన్సర్ బొక్కలను గుల్ల జేసి కిడ్నీల మీద పడ్డదన్నడు. నీళ్లు బాగ తాగకుంటే అవి ఆగిపోతయన్నడు."

"మాపటికి కొడుకొచ్చినంక తాగుతున్న గద."

"మరి పొద్దంత? నా చేతి నీళ్లు సయిస్తలేవా?"

పెంటయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఎవరైనా లేపితే తప్ప అతను లేవలేడు.

"తాగితే ఒంటికి లేవాలె బిడ్డా. వాడు పటాన్‌చెరు కంపెనీకి పోతడు. ఇంట్ల నువ్వొక్కదానివే. కోడలితోని గా పని చేయించుకోమంటవా?"

సత్తెమ్మ గడప మీద కూలబడింది. ఇంక కోపానికి కూడా ఓపిక లేదు.

కాసేపటికి లేచి, వెడల్పు మూతి సీసా ఒకటి కడిగి తెచ్చి అతని చేతికందేలా పెట్టింది. గ్లాసు నింపి ఇచ్చింది.

"తాగు మామా. నేను తలుపు దగ్గరికేసి బయట గిన్నెలు తోముత. నువ్వు పిలిచేదాక లోపటికి రాను. ఆ సప్పుడుకు నాకేం ఇనబడదు."

పెంటయ్య మెల్లగా తాగాడు.

సత్తెమ్మ తలుపు చేరవేసి, పొద్దున్నే తోమి బోర్లించిన గిన్నెలను మళ్లీ ముందరేసుకుని, చప్పుడు చేస్తూ తోమసాగింది.