కనుబొమ్మ మీది గాటు

"ఐదొందల డాలర్ల స్కోప్ తియ్యవయ్యా క్లైడ్! పోయినేడు అంత పెద్ద ఎల్క్ దుప్పిని కొట్టినవాణ్ణి, నాకు చవక సరుకు అంటగడతావా?" అంటూ, తుపాకీ మీద బిగించే గురి దుర్భిణి కొనడానికొచ్చిన ర్యాండల్ తుపాకుల కొట్టు బల్ల మీద గుద్దాడు.

"రెండొందలది చాలు. కంటికి కాస్త ఎడంగా ఉంటే అదే పదివేలు," అంది అతని భార్య ఓర్లా.

"తుపాకుల సంగతి నీకేం తెలుసే? నోర్ముయ్!"

ఓర్లా టోపీ వెనక్కి నెట్టి మొగుణ్ణి కాల్చేసేలా చూసింది. అప్పుడు క్లైడ్‌కి ఆమె కుడి కనుబొమ్మ మీద నెలవంకలాంటి మచ్చ కనబడింది. తుపాకీ పేలి వెనక్కి తన్నినప్పుడు, మరీ దగ్గరగా ఉన్న స్కోప్ అంచు కోసే గాటు అది. ముప్ఫై ఏళ్ల వ్యాపారంలో అలాంటి నుదుళ్లు ఎన్నో చూశాడు. ర్యాండల్ నుదురు మాత్రం నున్నగా ఉంది.

ఖరీదైనది అమ్మితే లాభం తనకే. అయినా క్లైడ్ రెండొందల స్కోప్‌నే వాళ్ల తుపాకీకి బిగించి, ర్యాండల్ చాచిన చేతిని దాటించి ఓర్లాకు అందించాడు.

"కాల్చేవాళ్ల కంటికే కొలత చూడాలమ్మా."

ర్యాండల్ ఏదో అనబోయాడు.

"మాట్లాడకు," అంది ఓర్లా, చెంప తుపాకీకి ఆనించి. "చలికాలమంతా ఆ దుప్పి మాంసం తిన్నావు. దాన్ని కొట్టిన పేరూ నువ్వే తిన్నావు. ఈ ఏడు మాంసం ఒక్కటే పెడతాను."