ఖాకీ చొక్కా మనిషి

“ఒసే, నేను ఇంట్లో లేనని చెప్పు!”

జగన్నాధం పెరటి గుమ్మం దాటుతూ గొంతు తగ్గించి అన్నాడు.

వీధిలో ఖాకీ చొక్కా మనిషి ఒకడు జగన్నాధం గారి ఇల్లెక్కడని అడుగుతున్నాడు. చంకలో గుడ్డసంచి ఉంది.

సందేహం లేదు, సహకార సొసైటీ వాళ్ళు పంపిన జప్తు మనిషే.

ఎడ్ల అప్పు వాయిదా మూడు వందలు నెలాఖరులోగా కట్టకపోతే ఎడ్లను తోలుకుపోతామని నోటీసు వచ్చింది. ఇంక నాలుగు రోజులే గడువు.

డబ్బు సమకూరక కాదు. పంట అమ్మగానే ఆ మూడు వందలూ తీసి విడిగా పెట్టాడు. పెట్టినవాడే వాటిని కళింగపట్నం కొండబాబు చేతిలో పోశాడు. కోటబొమ్మాళి సంతకు ఎండుచేపలు తెచ్చే కొండబాబుతో పదేళ్ళ స్నేహం.

“వల సిరిగిపోనాది బావా. నెల్లాళ్ళు ఓపిక పట్టు, తెచ్చీస్తాను” అన్నాడు.

కాగితం లేదు, సాక్షి లేడు. భార్య లక్ష్మీనరసమ్మకు సంగతే తెలియదు.

ఆరు నెలలు గడిచాయి. రెండు నెలలుగా కొండబాబు సంతకే రావడం మానేశాడు. పదిరోజుల కిందట జగన్నాధం కార్డు రాశాడు.

‘ఎడ్లు పోయేలా ఉన్నాయి. దయ ఉంచి పంపు. మా ఇంట్లో ఆడవాళ్ళ ముందు మాత్రం ఈ మాట ఎత్తవద్దు.’

జవాబు లేదు.

ఖాకీ చొక్కా మనిషి అరుగు మీద గంటసేపు కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. అప్పుడు జగన్నాధం గడ్డిమేటు వెనకనుంచి వచ్చాడు.

“ఏం పనిట?”

“సెప్పడే! ఆయనతోనే మాటాడాల అంటాడు” అంది లక్ష్మీనరసమ్మ. “అయినా ఏటండీ, మనింట్లోనే దొంగలాగ పెరట్లోంచి దూరతారు?”

“నీకు తెలీదులే.”

“అదే, ఏటి తెలీదో సెప్పండి మరి!”

జగన్నాధం ఎడ్లకు గడ్డి వేయడానికి వెళ్ళాడు.

మర్నాడు ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ గడ్డిమేటు. ఈసారి వెళ్ళేముందు ఎడ్ల దగ్గర ఆగి, ఒక్కొక్క దాన్నీ తట్టి చూశాడట. అది విన్నాక జగన్నాధానికి అన్నం సయించలేదు.

మూడోనాడు ఊరి బయట కాలిబాట మీద ఇద్దరూ ఎదురుపడ్డారు. తప్పుకునే దారి లేదు.

“జగన్నాధం గోరంటే తమరేనా బాబూ?”

జగన్నాధం అతని సంచి వైపు చూశాడు.

“కాదు. ఆయన అరసవల్లి వెళ్ళాడు, మొక్కు తీర్చుకోడానికి.”

“ఎప్పుడొస్తారో?”

“చెప్పలేం. స్వామి సన్నిధిలో వారం రోజులుంటానన్నాడు.”

ఆ మనిషి సంచి మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడ్డాడు.

“అయితే నాకింక రాడానికవదు బాబూ. ఆయనొస్తే, ఓ మనిషి వచ్చినాడని సెప్పండి.”

అతను కనుమరుగయ్యాక జగన్నాధం రెండు చేతులూ జోడించాడు. అబద్ధమాడినందుకు కాదు, అందులోకి స్వామిని లాగినందుకు. భయపడినవాడి అబద్ధాన్ని దేవుడు వేరుగా చూస్తాడా? అతనికి తోచలేదు.

ఇంక రాలేనన్నాడంటే, రేపు మందితో వస్తారనే కదా అర్థం? నలుగురి ఎదుటా ఎడ్లు వీధిలోంచి నడిచిపోతుంటే ఎలా చూడటం?

మర్నాడు తెల్లవారగానే తనే వాటిని సంతకు తోలుకుపోయాడు. తొమ్మిది వందలు చేసే జతను దళారి ఐదు వందలకు బేరమాడాడు. జగన్నాధం తల ఊపాడు. పలుపులు అప్పగిస్తుంటే పెద్దెద్దు మెడ తిప్పి చూసింది.

మూడు వందలూ సొసైటీలో కట్టి, రసీదు జేబులో పెట్టుకుని, కోపంతో ఊగిపోతూ కళింగపట్నం బస్సెక్కాడు.

ఇసకలో చేపలు ఆరబోసి ఉన్నాయి. కొండబాబు గుడిసె ముందు నిలబడి అరిచాడు.

“ఒరే కొండబాబూ! బయటికి రారా!”

అతని భార్య లక్ష్మణమ్మ వచ్చింది. నుదుట బొట్టు లేదు.

“ఏటని పిలస్తారు బాబూ? రెండు నెలలయ్యింది. పడవ తిరగబడిపోనాది.”

జగన్నాధం భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

“తమరు జగన్నాధం బాబుగోరేనా? అరసవల్లి నుంచి వచ్చీసినారా?” అంటూ ఆమె లోపలికి వెళ్ళి గుడ్డసంచి తెచ్చింది. “మీ కార్డు సదివించుకున్నాం. ఎడ్లు పోతాయని రాసినారు గదా. మూడొందలూ ఉన్నాయి, సూసుకోండి. మా పోతురాజు మూడు దినాలు మీ ఊరికి తిరిగినాడు. ఆడవాళ్ళకి సెప్పొద్దన్నారని అమ్మగోరికి ఇవ్వలేదంట. మంచోళ్ళ వీధిలోకి ఎల్లాలని, తనకి సొక్కా లేక, ఖాకీ సొక్కా అరువు తెచ్చుకున్నాడు.”

సంచి జగన్నాధం చేతిలో బరువుగా ఉంది.

“అతనెక్కడ?”

“పొద్దున్నే ఎల్లిపోనాడు బాబూ, ఒరిస్సా పడవల్లో కూలికి. ఎప్పుడొస్తాడో.”

“మీకేమవుతాడు? తమ్ముడా?”

“ఏటీ కాడు. ఆయనా మా ఇంటాయనకి తమరిలాగే అప్పిచ్చినోడే, ఆరొందలు” అంది లక్ష్మణమ్మ. “ఆ బాకీ కింద నానిచ్చిన వలనే అమ్మేసి, మీ డబ్బు తెచ్చినాడు.”