వీపుగారు

"మేకు వంగిపోయింది టీచర్!" అని క్లాసుకొచ్చే నర్సమ్మ అరిచింది.

"వంగితే ఇంకోటి కొట్టండి. గోడ కూలినా సరే, ఇవాళ నా బొమ్మ వేలాడాల్సిందే!" అంది టీచర్.

పొద్దుటినుంచీ ఆవిడ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. మేడ మీద ఆ పొడుగాటి గదిలో ఏళ్ళ తరబడి ఆదివారాలు బొమ్మల క్లాసు చెబుతోంది. ఊళ్ళో వాళ్ళందరి బొమ్మలూ పూర్తి చేయించింది గానీ, తనది ఒక్కటీ పూర్తి చేసుకోలేదు. ఆవిడకి పళ్ళూ పూలూ పట్టవు, మనుషులే కావాలి. మనుషులేమో నిలబడరు. ముక్కు గీసేలోగా మొహం తిప్పేస్తారు, చెయ్యి గీసేలోగా తల గోక్కుంటారు. గది మూలన సగం సగం మనుషులు దొంతర్లుగా పడి ఉన్నారు.

ఇన్నాళ్ళకి ఇదిగో, నిలువెత్తున ఒక నిండు మనిషి పూర్తయ్యాడు!

కిటికీ కింద బస్టాపులో నిలబడే మనిషి. వెనకనుంచి వేసింది. ఎడమ భుజానికి సంచి, ఆ బరువుకి కాస్త వాలిన భుజం, కుడివైపుకి ఒరిగిన తల. రోజూ పొద్దున్నే ఆవిడ సాధనకి కూర్చునే వేళకి సరిగ్గా అక్కడ ఉండేవాడు.

"అంతా బాగుంది గానీ, మొహం ఏదమ్మా?" అన్నారు లెక్కల మాస్టారు. క్లాసులో అందరికంటే పెద్దాయన, అనుమానాలూ ఆయనకే ఎక్కువ.

"నేను మాత్రం చూశానా మాస్టారూ? మన కిటికీకి ఆయన వీపే కనిపిస్తుంది."

"కిందికి దిగి ఒకసారి పలకరించకపోయావా?"

"అమ్మో! గీస్తున్నారని తెలిస్తే ఎంతటివాడైనా కర్రలా బిగుసుకుపోతాడు. తెలీదు కాబట్టే అంత హాయిగా నిలబడ్డాడు. పైగా నా అదృష్టం, ఆయన బస్సు రోజూ ఆలస్యమే!"

"ఈ వీపుకి నేను కొలత తీయకుండానే చొక్కా కుట్టేస్తా" అన్నాడు క్లాసులోని దర్జీ. బొమ్మకి 'వీపుగారు' అని పేరు పెట్టింది అతనే. బొమ్మల ప్రదర్శన ఉందని బస్టాపు స్తంభానికి కాగితం అంటించిందీ అతనే.

"ఆ మహానుభావుడు ఎప్పుడైనా ఎదురుపడాలి గానీ, ఈ గదిలో మొదటి కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ నా చేత్తో నేనే కలిపిస్తాను!" అంది టీచర్.

సాయంత్రానికి గదిలో ఇసక వేస్తే రాలనంత జనం! చూసినవాళ్ళందరూ 'వీపుగారి' దగ్గరే ఆగిపోతున్నారు. "ఈయన ఇప్పుడు వెనక్కి తిరుగుతాడేమో అనిపిస్తోందండీ" అందొకావిడ. టీచర్‌కి ఏనుగెక్కినంత సంబరమైంది.

అంతలో పేపరు ఫొటోగ్రాఫర్ వచ్చాడు.

"బొమ్మ పక్కన మీరు నిలబడండి, చుట్టూ మీ శిష్యులు. ఆ కుర్చీ ఒక్కటీ తీయించండి."

బొమ్మకి ఎదురుగా, మొదటి కుర్చీలో ఎవరో పెద్దమనిషి ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"బాబాయ్‌గారూ, కొంచెం లేస్తారా? ఫొటోకి అడ్డమొస్తున్నారు" అంది టీచర్.

ఆయన తలెత్తాడు. దళసరి కళ్ళద్దాలు, నవ్వుమొహం. ఎప్పుడూ చూసిన మొహం కాదు.

"బొమ్మ పూర్తయినట్టేనా అమ్మా?"

ఇప్పుడా ఈ ప్రశ్న! పానకంలో పుడకలా!

"గోడకెక్కింది కదండీ, పూర్తయినట్టే!"

"అయితే ఇక కదలొచ్చన్నమాట" అంటూ ఆయన లేచాడు.

"కదలండి, కదలండి!" అని నవ్వేసి, కుర్చీని తనే పక్కకి లాగేసింది. ముసలాయన చమత్కారం బాగానే ఉందనుకుంది.

"అందరూ నవ్వండి!" అన్నాడు ఫొటోగ్రాఫర్.

టీచర్ నవ్వింది. ఫొటోగ్రాఫర్ తల మీదుగా గుమ్మం కనిపిస్తోంది. పెద్దమనిషి గుమ్మం దగ్గర ఆగి, సంచి ఎడమ భుజానికి తగిలించుకున్నాడు. భుజం వాలింది.



"వీపుగారు!" అని టీచర్ కేక పెట్టింది.

అందరూ గోడ వైపు చూశారు. ఆవిడ అప్పటికే మెట్ల మీద ఉంది.

పడుతూ లేస్తూ కిందికి దిగేసరికి బస్సు కదిలిపోయింది. చెయ్యి ఊపింది, అరిచింది, ఆగలేదు.

"ఆయన కోసమా అమ్మా?" అన్నాడు బస్టాపు పక్కన పేపర్లమ్మే అతను.

"ఆయనే! రోజూ ఆలస్యంగా వచ్చే బస్సు, ఇవాళే ఇంత తొందరగా రావాలా!"

"ఆలస్యమేంటమ్మా? ఇక్కడాగే బస్సు ఏదైనా ఆయన ఎక్కొచ్చు. పొద్దున పూట కావాలనే మూడో నాలుగో వదిలేసేవారు. పోయిన నెలతో ఉద్యోగం కూడా అయిపోయింది. అయినా వచ్చి నిలబడేవారు. ఇంకా ఎందుకండీ అంటే, పని మిగిలింది అనేవారు. ఇక రారట, ఇందాకే చెప్పి వెళ్ళారు."

"ఏం పని?"

"ఏమో! నేనైతే ఆయన నిలబడ్డం తప్ప ఏం చేయగా చూళ్ళేదు."

టీచర్ వెళ్ళి, ఆయన రోజూ నిలబడే చోట నిలబడింది. వీధికి అవతల రెండంతస్తుల బట్టల కొట్టు, దాని ముందంతా అద్దమే. బస్టాపు స్తంభం అడ్డొస్తోంది.

తల కాస్త కుడివైపుకి ఒరిగిస్తే, ఆ అద్దంలో మేడ మీది తన కిటికీ, కిటికీలో తను రోజూ కూర్చుని గీసే స్టూలు, పక్కనే బ్రష్షుల డబ్బాతో సహా, స్పష్టంగా కనిపించాయి.