సరిపడా కణాలు రాలేదు

రిపోర్టులిచ్చే కిటికీలోంచి అందుకున్న కాగితాన్ని భర్త ఆస్పత్రి మెట్ల మీదే చదివాడు.

"పరీక్షకు సరిపడా కణాలు రాలేదు."

"అంటే ఏంటండీ?"

బట్టలు కుట్టే భార్య గొంతు మీద చెయ్యి వేసుకుంది. అక్కడ గోళీకాయంత గడ్డ. వారం కిందట అందులోకి సన్నసూది దించి, లోపలిది కాస్త పీల్చి, గాజుపలక మీద పూశారు.

"జబ్బు ఉందని రాయలేదుగా. ఊరికే హడలిపోయావు. పద."

ఆమె ప్రాణం కుదుటపడింది. వారం రోజుల్లో మొదటిసారి నవ్వింది.

అప్పుడే ఎవరో ఆ కాగితం లాక్కున్నారు.

మెట్ల మీద కూర్చునే ముసలాయన. మాసిన చొక్కా, మందపాటి కళ్లద్దాలు. ముందు అడుగున సంతకం చూశాడు. ఆ తర్వాతే రాత చదివాడు.

"దీంతో ఇంటికి పోకమ్మా. మళ్లీ సూది వేయించుకో."

"నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాడు భర్త.

"ఇప్పుడు కాదు."

"సాయంత్రానికి అవుతావా తాతా?"

అంటూ వాచ్‌మన్ నవ్వుతూ వచ్చి ముసలాయన రెక్క పట్టుకున్నాడు.

"రోజూ ఇదే గోల సార్. గొంతు తడుముకుంటూ ఎవరొచ్చినా వదలడు."

"గడ్డలో ఏముందో ఈ కాగితానికి తెలియదమ్మా. మూడు నెలలు దాటనివ్వకు." గేటు దాకా అంటూనే ఉన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"ఏమండీ, పోనీ ఇంకోసారి..."

"పిచ్చోడి మాట పట్టుకుని మళ్లీ పొడిపించుకుంటావా?"

ఏడాది తిరిగింది. గడ్డ రాయిలా గట్టిపడింది. మిషను చప్పుడు మీదుగా వీధి చివరికి వినిపించే ఆమె గొంతు, పక్కనున్నవాళ్లకు కూడా వినపడకుండా పోయింది.

మళ్లీ వచ్చారు. ముసలాయన మెట్ల మీద లేడు.

స్లైడ్లు చూసే డాక్టరమ్మ పాత కాగితం తిప్పి చూసింది.

"అప్పుడే మళ్లీ ఎందుకు రాలేదు?"

"జబ్బు ఉందని రాయలేదుగా మేడమ్," అన్నాడు భర్త.

"లేదని కూడా రాయలేదు కదా."



"మెట్ల మీద ఒకాయన చెప్పాడమ్మా," భార్య మాట గాలిలా వచ్చింది. "గెంటేస్తుంటే చూస్తూ ఊరుకున్నాం."

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగింది.

"పోయిన నెలే పోయారు. నాకు పని నేర్పిన డాక్టరుగారు. ముప్పై ఏళ్లు ఈ కుర్చీలోనే కూర్చున్నారు."

"మరి మెట్ల మీద ఎందుకమ్మా?"

డాక్టరమ్మ సొరుగులోంచి పసుపుబారిన కాగితం తీసి ముందు పెట్టింది. అదే మాట. సరిపడా కణాలు రాలేదు. అడుగున ముసలాయన సంతకం.

"అప్పట్లో ఈ గదికి స్లైడ్లు పేరు లేకుండా నంబర్లతోనే వచ్చేవి, కాగితం మీద పేర్లు కిటికీ దగ్గర వేసేవారు," అందామె. "నాన్న కంగారుపడతాడని చెప్పకుండా సూది వేయించుకుని, ఈ కాగితం చూసి నవ్వుకుంటూ ఆ మెట్లు దిగి వెళ్లిపోయింది ఆయన కూతురమ్మా."